పోపుల పెట్టెలో ఏవి బతికున్నాయి? పిల్లలకు సజీవ నిర్జీవాల తేడా ఇంట్లోనే చూపించే పద్ధతి

మూడో తరగతికీ ఆరో తరగతికీ మధ్య ఎప్పుడో ఒకప్పుడు మీ పిల్లలు ఒక జాబితా బట్టీ పడతారు. సజీవులు కదులుతాయి, ఆహారం తీసుకుంటాయి, శ్వాసిస్తాయి, పెరుగుతాయి, వ్యర్థాలను బయటికి పంపుతాయి, చుట్టూ జరిగే మార్పులకు స్పందిస్తాయి, తమలాంటి వాటిని పుట్టిస్తాయి. ఈ ఏడూ గడగడా ఒప్పజెప్పే పిల్ల చేతిలో ఒక పచ్చి వేరుశనగ గింజ పెట్టి ‘ఇది బతికుందా?’ అని అడిగి చూడండి. గింజ కదలదు, తినదు, పెరగదు, గిల్లితే ఉలకదు. జాబితాను నమ్ముకుంటే గులకరాయికీ దానికీ తేడా లేదు. తడిగుడ్డలో కడితే మాత్రం మూడు రోజుల్లో మొలక వస్తుంది.

బెంగళూరులో మేముండే అపార్ట్‌మెంట్‌లో చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కువ. పిల్లలు బడిలో పాఠం ఇంగ్లీషులో విని, ఇంటికొచ్చి సందేహం తెలుగులో అడుగుతారు. శనివారాల్లో వాళ్ళను కూర్చోబెట్టి చేయించే పనులే ఇక్కడ రాస్తున్నాను. పెద్ద ఖర్చేమీ లేదు. మీ పోపుల పెట్టె, వెడల్పు మూతి గాజు సీసాలు మూడు, రెండు వారాల ఓపిక ఉంటే చాలు. మొదటి నుంచీ ఒక సంగతి మనసులో పెట్టుకోండి: ఏ ఒక్క లక్షణమూ తీర్పు చెప్పలేదు. ప్రశ్నలన్నీ అడగాలి. ప్రతి ప్రశ్నకూ ఒక పరీక్ష పెట్టాలి. ఆ పరీక్షలో పోల్చి చూసుకోవడానికి పక్కన ప్రాణం లేని జోడీ ఒకటి ఉండి తీరాలి.

పళ్ళెం పరచడం

పెద్ద స్టీలు పళ్ళెంలో పోపుల పెట్టెలోవి చిటికెడు చిటికెడు విడివిడిగా పెట్టండి. ఆవాలు, మెంతులు, ధనియాలు, ఎండుమిర్చి, శనగపప్పు, పసుపు, ఇంగువ, ఉప్పు. వాటి పక్కన వేరుశనగ గింజలు పచ్చివి కొన్ని, వేయించినవి కొన్ని. తర్వాత పెసలు, శనగలు, రాగులు, బియ్యం. ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే గుప్పెడు వడ్లు తెమ్మనండి, చాలా పనికొస్తాయి. కుండీలోంచి ఒక తులసి కొమ్మ, ఒక గులకరాయి, చెంచాడు పెరుగు, బ్రెడ్ తయారీకి సూపర్‌మార్కెట్‌లో అమ్మే పొడి ఈస్ట్ కొంచెం. కార్తీకమాసం చివర్లో అయితే బసవనగుడిలో బసవన్న గుడి దగ్గర కడలెకాయి పరిషె (వేరుశనగ జాతర) జరుగుతుంది. పచ్చి కాయలు తాజాగా దొరుకుతాయి, పిల్లలకు జాతర కూడా చూపించినట్టుంటుంది.

ఇప్పుడు వీటిని మూడు కుప్పలు చేయమనండి: బతికున్నవి, ప్రాణం లేనివి, తెలియనివి. ఈ దశలో మీరు నోరు విప్పకండి. తప్పు కుప్పలో పెట్టినా దిద్దకండి. ఏది ఎక్కడ పెట్టారో, ఎందుకు పెట్టారో నోట్‌బుక్‌లో వాళ్ళ చేతే తేదీ వేసి రాయించండి. చాలామంది తులసి కొమ్మను ఒక్కదాన్నే మొదటి కుప్పలో పెడతారు. పోపుల పెట్టె మొత్తం రెండో కుప్పలోకి పోతుంది.

రాయడం అయ్యాక నాలుగో కుప్ప ఒకటి ఉందని చెప్పండి: ఒకప్పుడు బతికి, ఇప్పుడు ప్రాణం పోయినవి. పాఠంలో రెండే వర్గాలు చెప్పి వదిలేయడం వల్ల కర్ర బల్ల, నూలు బట్ట, పసుపు పొడి అన్నీ ఉప్పుతోనూ రాయితోనూ ఒకే గాట కట్టేస్తారు. పసుపు కొమ్ములు నేలలో పెరిగినవి, తవ్వి ఉడకబెట్టి ఎండబెట్టాక ప్రాణం పోయింది. ఉప్పుకు ఎన్నడూ ప్రాణం లేదు. ఇంగువ ఇంకో రకం. ఒక మొక్క వేరుకు గాటు పెడితే కారే పాలు గట్టిపడి ఇంగువ అవుతుంది. అంటే అది బతికున్నదాని నుంచి వచ్చిందే గానీ తనకంటూ ప్రాణం ఉన్నది కాదు. దాన్ని ఎక్కడ పెట్టాలో పిల్లల్నే వాదించుకోనివ్వండి.

జాబితాను ప్రశ్నలుగా మార్చడం

‘సజీవులు శ్వాసిస్తాయి’ అనే వాక్యంతో చేయగలిగిందేమీ లేదు. ‘ఇది గాలిలోని ఆక్సిజన్ వాడుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతోందా?’ అని అడిగితే పరీక్ష పెట్టొచ్చు. అలాగే మిగతావి: ఇది తనంతట తాను కదులుతోందా? పదార్థాన్నీ శక్తినీ బయటి నుంచి తీసుకుంటోందా? లోపలి నుంచి పెరుగుతోందా? పనికిరానిది బయటికి నెడుతోందా? వెలుతురు, నీళ్ళు, స్పర్శ మారితే తన తీరు మార్చుకుంటోందా? తనలాంటిదాన్ని పుట్టించగలదా? వీటికి తోడు ఒక ఎనిమిదోది చేర్చండి: ఇది కణాలతో తయారైందా? చిన్న తరగతుల్లో దీన్ని వెనక్కి నెడతారు గానీ, మిగిలిన ఏడింటికీ ఆధారం ఇదే.

శ్వాసక్రియ దగ్గర కొంచెం ఆగండి. పిల్లలకు శ్వాస అంటే ముక్కుతో గాలి పీల్చడం. అసలు పని ప్రతి కణంలోనూ జరుగుతుంది: ఆహారం నుంచి శక్తిని విడదీసుకోవడం. చాలా జీవులు అందుకు ఆక్సిజన్ వాడుకుంటాయి. మొక్కకు ముక్కు లేదు, ఆకుల అడుగున కంటికి కనిపించని పత్రరంధ్రాలున్నాయి. చెట్లు రాత్రి మాత్రమే ఆక్సిజన్ పీలుస్తాయని ఇంట్లో పెద్దలు అంటుంటారు. అది సగమే నిజం. మొక్క రాత్రీ పగలూ శ్వాసిస్తూనే ఉంటుంది. వెలుతురు ఉన్నంతసేపు కిరణజన్య సంయోగక్రియ అంతకంటే జోరుగా సాగుతుంది కాబట్టి మొత్తం మీద ఆక్సిజన్ బయటికొస్తుంది.

విసర్జన గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వేప, మునగ మానుల మీద కారి గట్టిపడిన బంక చూపించండి, రాలిపోయే పండుటాకులు చూపించండి. వదిలించుకోవాల్సిన పదార్థాల్లో కొన్నింటిని మొక్క అలా వదిలించుకుంటుంది.

మొలక పరీక్ష

అన్నింటిలోకీ విలువైనది ఇదే, తొందరపడకుండా చేయించండి.

చిన్న పళ్ళేల్లో తడి టిష్యూ కాగితం పరిచి, ఒక్కోదాంట్లో పదేసి గింజలు వేయండి. జోడీలుగా పెట్టడం ముఖ్యం: పచ్చి వేరుశనగ పక్కన వేయించింది, వడ్ల పక్కన బియ్యం, శనగల పక్కన శనగపప్పు, పెసల పక్కన ఉడికించిన పెసలు. విడిగా ఆవాలు, మెంతులు, రాగులు, ధనియాలు. ఎండుమిర్చిని చీల్చి గింజలు మాత్రం తీసి ఇంకో పళ్ళెంలో వేయండి. ధనియాలను చేత్తో నలిపి రెండు బద్దలు చేయాలి, ప్రతి బద్దలోనూ ఒక విత్తనం ఉంటుంది. కాగితం ఎండకుండా పొద్దునా సాయంత్రం నీళ్ళు చిలకరించే పని పిల్లలకే అప్పగించండి. పదేసి గింజలు ఎందుకంటే, ఒక గింజ మొలకెత్తనంత మాత్రాన ఆ రకానికే ప్రాణం లేదని తేల్చేయకూడదు. బాగున్న విత్తనాల్లోనూ ఒకటీ రెండూ పాడైనవి ఉంటాయి.

పెసలు, మెంతులు, రాగులు ఒకటి రెండు రోజుల్లో మొలకేస్తాయి. ఆవాలకూ వేరుశనగకూ రెండు మూడు రోజులు, వడ్లకు ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. ధనియాలు వారం దాటిస్తాయి. మిర్చి గింజలకు పది రోజులైనా ఆగాలి. కాయ ఎండలో ఎండింది అయితే చాలాసార్లు మొలుస్తాయి. అప్పుడు పిల్లలకు ఒక ఇబ్బంది ఎదురవుతుంది, అదే మనకు కావాలి: ఎండుమిర్చిని ఏ కుప్పలో పెట్టాలి? తొక్క నాలుగో కుప్పలోకి, గింజలు మొదటి కుప్పలోకి. ఒకే వస్తువు రెండు కుప్పల్లోకి పోవడం చూశాక వాళ్ళ ఆలోచన ఒక మెట్టు పైకెక్కుతుంది.

బియ్యం ఎన్ని రోజులైనా ఉబ్బుతుంది, పులిసి వాసన వేస్తుంది, మొలవదు. ఎందుకో కంటితోనే చూపించొచ్చు. ఒక బియ్యపు గింజను వెలుతురు కేసి పట్టి చివరలు చూడమనండి. ఒక చివర గుండ్రంగా ఉంటుంది, రెండో చివర ఒక మూల చిన్న నొక్కు ఉంటుంది. మొలక ఉండాల్సిన చోటు అది. మరలో తవుడుతో పాటు మొలకా రాలిపోయింది. మిగిలింది దాని కోసం దాచిన ఆహారం మాత్రమే, దాన్ని మనం తింటున్నాం.

తర్వాత ఒక రాత్రి నానిన పచ్చి వేరుశనగ గింజ తీసుకోండి. గులాబీ రంగు పొట్టు ఒలిచి, రెండు బద్దల్ని గోటితో మెల్లగా విడదీయండి. ఒక బద్ద కొనకు అతుక్కుని అగ్గిపుల్ల తలకంటే చిన్నదొకటి కనిపిస్తుంది. భూతద్దం పెట్టండి. ఒక వైపు మొనదేలిన వేరు, ఇంకోవైపు ఒకదాని మీద ఒకటి మడుచుకున్న ఆకులు. ఆ ఆకుల మడతలు, ఈనెల గీతలు కూడా తెలుస్తాయి. నేల తాకకముందే, ఎండ సోకకముందే ఆకులు సిద్ధంగా ఉన్నాయి. వేయించిన గింజను కూడా అలాగే విప్పండి. ఆ భాగం అందులోనూ ఉంటుంది, కానీ గోధుమరంగుకు మారి పెళుసుబారి ఉంటుంది. ఆకారం ఉంది, ప్రాణం లేదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసిన పిల్లకి మనం ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

‘మరి నానబెట్టకముందు ఆ గింజ బతికుందా?’ అని తప్పకుండా అడుగుతారు. బతికే ఉంది. దాని శ్వాస, దాని మార్పులు అన్నీ అతి మందంగా సాగుతుంటాయి. ఇజ్రాయెల్‌లోని మసాడా కోట తవ్వకాల్లో బయటపడిన ఖర్జూరపు గింజ ఒకటి సుమారు 2000 ఏళ్ళ నాటిదని తేలింది. దాన్ని నాటితే 2005లో మొలకెత్తింది. పోపుల పెట్టెలో ఆవాలు, మెంతులు, ధనియాలు నిద్రపోతున్న ప్రాణులని అప్పుడు పిల్లలకు అర్థమవుతుంది. నోట్‌బుక్ తెరిపించి, మొదటిరోజు కుప్పల్ని వాళ్ళ చేతే మార్పించండి.

శ్వాస పరీక్ష

మూడు గాజు సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో మూడో వంతు దాకా మొలకెత్తిన పెసలు, రెండోదాంట్లో అంతే ఉడికించి చల్లార్చిన పెసలు వేయండి. మూడోది ఖాళీ. మూతలు గట్టిగా బిగించి రాత్రంతా వదిలేయండి. పొద్దున పెద్దవాళ్ళు పొడవాటి పట్టకారుతో వెలిగించిన అగ్గిపుల్ల పట్టుకుని, మూత తీసీ తీయగానే లోపలికి దించాలి. ఖాళీ సీసాలో పుల్ల వెలుగుతూ ఉంటుంది. ఉడికించిన పెసల సీసాలోనూ వెలుగుతుంది. మొలకల సీసాలో టక్కున ఆరిపోతుంది. మొలకలు ఆక్సిజన్ వాడేసుకుని కార్బన్ డయాక్సైడ్‌తో సీసా నింపాయి.

ఉడికించినవాటిని ఒక్క రాత్రికి మించి ఉంచకండి. రెండో రోజుకు వాటి మీద సూక్ష్మజీవులు చేరి కుళ్ళబెట్టడం మొదలుపెడతాయి, అవీ శ్వాసిస్తాయి కాబట్టి ఆ సీసాలోనూ పుల్ల ఆరిపోవచ్చు. కొంచెం పెద్ద పిల్లలైతే కావాలనే మూడు రోజులుంచి ఆ తేడా కూడా చూపించండి. ఆ తర్వాత సీసాను బాల్కనీలోనే తెరవండి, వాసన భరించలేరు.

పెరుగు, ఈస్ట్, వంటసోడా

మూడు గిన్నెల్లో గోరువెచ్చని పాలు పోయండి. మొదటిదాంట్లో మామూలుగా తోడు వేసి వెచ్చని చోట పెట్టండి. రెండోదాంట్లో తోడు వేసి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. మూడోదానికి, చెంచాడు పెరుగును కొంచెం నీళ్ళలో కలిపి ఐదు నిమిషాలు మరిగించి, చల్లారాక ఆ తోడు వేయండి. పొద్దుటికి మొదటిది తోడుకుంటుంది. మిగతా రెండూ పాలుగానే ఉంటాయి. ఇప్పుడు ఆ రెండింటినీ వెచ్చని చోట పెట్టి సాయంత్రం దాకా ఆగండి. ఫ్రిజ్‌లోది తోడుకుంటుంది, మరిగించిన తోడు వేసింది తోడుకోదు. చలికి నెమ్మదించడానికీ చావడానికీ మధ్య తేడా ఇంత తేటగా చూపించే పరీక్ష ఇంకోటి నాకు తెలీదు. బెంగళూరు డిసెంబరులో రాత్రులు 16 డిగ్రీలకు దిగినప్పుడు ఇడ్లీ పిండి పొద్దుటికీ పొంగకపోవడానికి కారణం కూడా ఇదే. పిండిలో బ్యాక్టీరియా చావలేదు, మందగించింది.

ఈస్ట్ చూడటానికి ఇసుక రేణువుల్లా ఉంటుంది. ఒక సీసాలో గోరువెచ్చని నీళ్ళు, రెండు చెంచాల చక్కెర, ఒక చెంచా ఈస్ట్ వేసి, మూతికి బెలూన్ తొడగండి. అరగంట గంటలో బెలూన్ లేచి నిలబడుతుంది. ఇంతవరకూ చాలామంది చేయిస్తారు. దీని పక్కన ఇంకో సీసా పెట్టడం మాత్రం వదిలేస్తారు. ఆ రెండో సీసాలో నిమ్మరసం పోసి, బెలూన్‌లో వంటసోడా నింపి తొడిగి, సోడాను లోపలికి వంచండి. ఆ బెలూన్ కూడా ఉబ్బుతుంది, ఈస్ట్ కంటే వేగంగా ఉబ్బుతుంది! రెండింటిలోనూ వచ్చింది కార్బన్ డయాక్సైడే. సోడా బతికుందా మరి?

వాళ్ళు తికమకపడతారు, పడనివ్వండి. తర్వాత ఇలా పరీక్షించమనండి. సోడా సీసాలోంచి చెంచాడు తీసి కొత్త చక్కెర నీళ్ళలో వేస్తే ఏమీ జరగదు, పదార్థం అయిపోయింది, కథ ముగిసింది. ఈస్ట్ సీసాలోంచి చెంచాడు తీసి కొత్త చక్కెర నీళ్ళలో వేస్తే మళ్ళీ నురగ కడుతుంది, అందులోంచి ఇంకో చెంచాడు తీసి వేసినా కడుతుంది. ఈస్ట్ మొగ్గలు తొడిగి తన సంఖ్య పెంచుకుంటోంది.

ఈ తికమక పిల్లలది మాత్రమే కాదు. 1976లో అమెరికా పంపిన వైకింగ్ నౌకలు అంగారకుడి మీద దిగి సరిగ్గా ఇలాంటి పరీక్షే పెట్టాయి. అక్కడి మట్టికి పోషకాలు కలిపిన నీటిచుక్కలు వేసి, వాయువు వస్తుందేమో చూశాయి. వచ్చింది. కానీ అదే మట్టిని పరీక్షించిన మరో పరికరానికి అక్కడ జీవానికి తగ్గ సేంద్రియ పదార్థం దొరకలేదు. మట్టిలోని రసాయనాలే ఆ వాయువును పుట్టించాయని ఎక్కువమంది శాస్త్రవేత్తలు తేల్చుకున్నారు. ఈ సంగతి సోడా బెలూన్ పక్కన నిలబడి చెబితే పిల్లలు కళ్ళింత చేసుకుని వింటారు.

కదలిక, స్పందన, పెరుగుదల

చెప్పుల పెట్టెకు ఒక పక్క రూపాయి బిళ్ళంత కన్నం చేసి, లోపల మొలకెత్తిన పెసల గిన్నె పెట్టి మూసేయండి. మూడు నాలుగు రోజులకు తెరిస్తే మొలకలన్నీ కన్నం వైపుకు వంగి ఉంటాయి. పెట్టెను తిప్పి పెడితే కొత్త దిక్కుకు తిరుగుతాయి. ఉన్నచోటు వదలకపోయినా మొక్క కదులుతుందని ఒప్పుకోక తప్పదు. నర్సరీలో అత్తిపత్తి దొరికితే తెచ్చుకోండి. ముట్టుకుంటే ఆకు కాడ మొదట్లో ఉబ్బెత్తుగా ఉన్న చోట కణాలు నీళ్ళు వదిలేసి మెత్తబడతాయి, ఆకు వాలిపోతుంది. కొన్ని నిమిషాల్లో మళ్ళీ లేస్తుంది. అదే పనిగా ముట్టుకుంటూ ఉంటే మొక్క అలిసిపోతుంది, పిల్లలకు ముందే చెప్పండి.

ఇక్కడ జగదీశ్ చంద్రబోస్ పేరు వస్తుంది. మొక్కలకు ప్రాణం ఉందని ఆయనే కనిపెట్టారని చెబుతుంటారు, అది సరి కాదు. మొక్కలు సజీవులని అంతకుముందు నుంచే తెలుసు. బోస్ చేసింది అంతకంటే కష్టమైన పని. మొక్కల స్పందనను, కంటికి అందని వాటి పెరుగుదలను కొలిచే పరికరాలు తయారుచేసి, ఆ స్పందన విద్యుత్ రూపంలో ప్రసరిస్తుందని చూపించారు. ఆయన క్రెస్కోగ్రాఫ్ మొక్క పెరిగే సూక్ష్మమైన ఎత్తును వేల రెట్లు పెంచి చూపేది.

పెరుగుదలకు పటికబెల్లం చాలు. చిక్కటి చక్కెర పాకంలో దారం వేలాడదీసి వారం వదిలేస్తే పలుకులు కడతాయి, పెద్దవవుతాయి. ‘ఇదీ పెరిగిందిగా!’ అంటారు. పలుకు మీద చక్కెర వచ్చి పేరుకుంది, గోడ మీద ఇటుక పేర్చినట్టు. పెసర మొలక నీళ్ళనూ గాలినీ దాచుకున్న ఆహారాన్నీ తన ఒంటికి తగ్గట్టు మార్చుకుని లోపలి నుంచి పెరిగింది.

కణాన్ని చూడటం

మైక్రోస్కోపు బడిలో ఉంటే అడగండి. లేకపోతే మన దేశంలో పుట్టిన మనూ ప్రకాష్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రూపొందించిన ఫోల్డ్‌స్కోప్ అనే మడిచే కాగితం మైక్రోస్కోపు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఉల్లిపాయ పొరల మధ్య ఉండే పల్చటి చర్మం గోరంత తీసి, స్లైడ్ మీద నీటిచుక్కలో మడత పడకుండా పరిచి, ఒక చుక్క అయోడిన్ వేసి చూడండి. పొడవాటి గదులు వరసగా, చాలా గదుల్లో ఒక చుక్క. ఆ చుక్క కేంద్రకం. వెంటనే ఉప్పు పలుకులు పెట్టి చూపించండి. పదునైన అంచుల చిన్న చిన్న ఘనాలు, గదులు లేవు. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చూసినవి ఇలాంటి గదులే, అయితే ఆ కణాలు చచ్చి గోడలు మాత్రం మిగిలాయి. మన నాలుగో కుప్పకు అది మంచి ఉదాహరణ. మనిషి ఒంట్లో కణాలు 30 లక్షల కోట్లకు పైమాటే, ఈస్ట్‌ది ఒక్కటే కణం. ఇద్దరూ బతికున్నవాళ్ళే.

లాల్‌బాగ్‌లో ఒక పొద్దు

ఇంట్లో పనులన్నీ అయ్యాకే లాల్‌బాగ్ తీసుకెళ్ళండి, ముందే వెళితే అది పిక్నిక్ అయిపోతుంది. గ్రీన్ లైన్‌లో లాల్‌బాగ్ మెట్రో స్టేషన్ దిగితే తోట పక్కనే. జనవరి 26కీ ఆగస్టు 15కీ ముందు వెనకల పూల ప్రదర్శన ఉంటుంది, ఆ రోజుల్లో జనంలో ఏదీ నిలబడి చూడలేరు.

మొదట కెంపేగౌడ బురుజు ఉన్న కొండరాయి ఎక్కించండి. సుమారు 300 కోట్ల ఏళ్ళ నాటి శిల అది, జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా ప్రకటించారు. ఎనిమిది ప్రశ్నలూ దాని మీద అడిగించండి. అన్నింటికీ ‘లేదు’ అనే జవాబు వస్తుంది. ఎండకూ వానకూ పెచ్చులూడి తరుగుతుందే గానీ పెరగదు. రాళ్ళ మీద గానీ పాత చెట్ల బెరడు మీద గానీ బూడిదరంగు, ఆకుపచ్చ రంగు మచ్చలు కనిపిస్తే రంగు వెలిసిందనుకోకండి. అవి లైకెన్లు కావచ్చు. శిలీంధ్రమూ (బూజు లాంటిది) శైవలమూ (నాచు లాంటిది) కలిసి బతికే జీవులు, కొన్ని రకాలు ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగవు.

తర్వాత శిలాజమైన చెట్టు మాను దగ్గరకు. తమిళనాడులోని తిరువక్కరై నుంచి తెచ్చిన ఆ మాను సుమారు 2 కోట్ల ఏళ్ళ నాటిది. చూస్తే చెట్టే, చెక్క గీతలు కూడా తెలుస్తాయి, కానీ అది రాయి. మట్టిలో కూరుకుపోయాక, నీళ్ళలో కరిగి ఉన్న సిలికా చెక్కలోకి ఇంకి దాని స్థానాన్ని ఆక్రమించింది. నాలుగో కుప్పా, రెండో కుప్పా? వాదన అక్కడే మొదలవుతుంది. ఇద్దరు పిల్లలుంటే ఒకరు ఒకటి, మరొకరు ఇంకోటి అంటారు, ఇద్దరి దగ్గరా కారణం అడగండి.

అక్కడి నుంచి భారీ తెల్లబూరుగు చెట్టు దగ్గరకు వెళ్ళి, అంత మానులో ఎంత భాగం బతికుందో ఊహించమనండి. చెట్లలో మాను నడిమి చెక్క చచ్చిన కణాలే, అది చెట్టును నిలబెట్టే పని చేస్తుంది. బెరడు కింద పల్చటి పొర, దాని దగ్గరి లేత చెక్క, ఆకులు, మొగ్గలు, వేరు కొనలు బతికున్నవి. మన జుట్టు, గోళ్ళు కూడా అంతే, అందుకే కత్తిరిస్తే నొప్పి పుట్టదు.

పిల్లలు అడిగే చిక్కు ప్రశ్నలు

నిప్పు. నూనె తింటుంది, ఆక్సిజన్ పీలుస్తుంది, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, పెరుగుతుంది, ఒక దీపం నుంచి ఇంకో దీపం పుడుతుంది. ఏడు ప్రశ్నల్లో చాలావాటిని దాటేస్తుంది. ఎనిమిదోదాని దగ్గర ఆగిపోతుంది, దానికి కణాలు లేవు. ఇంకొక తేడా దేవుడి గూట్లోనే చూపించొచ్చు. కర్పూరం మంట నుంచి నూనె దీపం వెలిగిస్తే, అది నూనె దీపంలాగే వెలుగుతుంది, కర్పూరం గుణమేదీ దానికి రాదు. ఆవగింజను ఏ కుండీలో వేసినా, ఏ నీళ్ళు పోసినా ఆవమొక్కే వస్తుంది. తన తీరును తరువాతి తరానికి అందించే రాత ప్రతి కణంలోనూ ఉంది, మంటలో లేదు.

కంచరగాడిదకు పిల్లలు పుట్టవు, అది సజీవి కాదా? అమ్మమ్మకు ఇప్పుడు పిల్లలు పుట్టరు కదా అని తిరిగి అడగండి, నవ్వేసి వాళ్ళే జవాబు చెబుతారు. ప్రత్యుత్పత్తి జాతికి ఉండాల్సిన శక్తి, ప్రతి ప్రాణికీ ప్రతి వయసులో ఉండక్కర్లేదు. కంచరగాడిద ఒంట్లో కణాలు విభజన చెందుతూనే ఉంటాయి, గాయమైతే మానుతుంది.

కారు, ఇల్లు ఊడ్చే రోబో: కదులుతాయి, ఇంధనమో కరెంటో తీసుకుంటాయి, అడ్డం వస్తే పక్కకు తిరుగుతాయి. కానీ తమ ఒంటిని తాము కట్టుకోవు.

వైరస్ దగ్గర మాత్రం తేలిగ్గా తేల్చేయకండి. కణం బయట ఉన్నంతకాలం అది తినదు, శ్వాసించదు, పెరగదు. 1935లో వెండెల్ స్టాన్లీ పొగాకు ఆకులకు తెగులు తెచ్చే వైరస్‌ను ఉప్పులాగా స్ఫటికాలుగా మార్చి చూపించాడు, 1946లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి అందుకున్నవారిలో ఆయన ఒకడు. ఆ స్ఫటికాలనే ఆకుకు సోకిస్తే వైరస్ మళ్ళీ వేలకు వేలుగా పెరుగుతుంది, తన తీరును తరువాతివాటికి అందిస్తుంది, మార్పులు చెందుతుంది. అయితే ఆ పనంతా ఆకు కణాన్ని వాడుకునే చేస్తుంది. దాని కోసం పళ్ళెంలో ఐదో కుప్ప పెట్టాలని పిల్లలు అడిగితే పెట్టనివ్వండి. శాస్త్రవేత్తల్లోనూ దీని మీద ఏకాభిప్రాయం లేదు.

బడి పరీక్షలో జాబితా అడిగితే ఏడు లక్షణాలూ వరసగా రాయమనే చెప్పండి, మార్కులు వాటికే. ప్రతిదాని పక్కన తాము ఇంట్లో చూసింది ఒకటి చేర్చమనండి: శ్వాసక్రియ పక్కన ఆరిపోయిన అగ్గిపుల్ల, స్పందన పక్కన కన్నం వైపు వంగిన పెసర మొలక, ప్రత్యుత్పత్తి పక్కన మళ్ళీ మళ్ళీ నురగ కట్టిన ఈస్ట్. మిగిలిన మొలకలు పారేయకండి. మెంతులు, ధనియాలు, ఆవాలు బాల్కనీ కుండీలో చల్లితే మూడు నాలుగు వారాల్లో మెంతికూర పప్పులోకి కోసుకోవచ్చు. కొత్తిమీరకు ఇంకో రెండు వారాలు పడుతుంది.